ఓడిపోతున్న జట్టులో బాగా ఆడేవాణ్ని అమ్మేయాలా? తేల్చుకునే పద్ధతి

జులై వచ్చిందంటే మా ఇంట్లో అన్నం దగ్గర ఒకటే గోల. మేముండేది అమెరికాలో డెట్రాయిట్ శివార్లలో, మా బేస్‌బాల్ జట్టు టైగర్స్. 2024 జులైలో ఒక రాత్రి మావాడు కంచంలో చెయ్యి పెట్టుకుని, తినకుండా, "నాన్నా, స్కూబల్‌ని అమ్మేస్తారా?" అని అడిగాడు. అప్పటికి టైగర్స్ గెలిచిన ఆటలకంటే ఓడినవే ఎక్కువ. టారిక్ స్కూబల్ మాత్రం లీగ్‌లో ఎవరికీ అందనట్టు పిచ్ చేస్తున్నాడు (క్రికెట్‌లో బౌలర్ ఎలాగో బేస్‌బాల్‌లో పిచ్చర్ అలాగ). ఆ రాత్రి నేను లెక్కలు వేసి, ఒక కాగితం మీద "అమ్మాలి" అని రాసి ఫ్రిజ్‌కి అతికించాను. ఆ కాగితం ఇంకా అక్కడే ఉంది, మావాడు తీయనివ్వడు.

ఆ లెక్క తప్పని తేలాక నా పద్ధతిని కొంచెం సరిచేసుకున్నాను. ఇప్పుడు నేను వాడేది ఇదే. మీ జట్టు ఏదైనా సరే, కాగితం, పెన్ను తీసుకుని వరసగా చేసుకుంటూ వెళ్లండి.

ముందుగా, అసలు ఎందుకు అమ్ముతారు

ఐపీఎల్ అలవాటు కాసేపు పక్కన పెట్టండి. అక్కడ మెగా వేలం వచ్చిందంటే జట్టు మొత్తాన్ని దులిపేసి కొత్తగా కట్టుకోవచ్చు. 2023 నవంబర్‌లో హార్దిక్ పాండ్యా గుజరాత్ టైటన్స్ నుంచి ముంబై ఇండియన్స్‌కు వెళ్తే బదులుగా ఆటగాడెవరూ రాలేదు, డబ్బే వచ్చింది. మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో వేలం లేదు. పెద్ద ఆటగాణ్ని ఉత్త డబ్బుకు అమ్మడమూ కుదరదు. 1976 జూన్‌లో ఓక్లాండ్ యజమాని చార్లీ ఫిన్లీ ఆ పనే చేయబోయాడు. రోలీ ఫింగర్స్‌నీ జో రూడీనీ చెరో మిలియన్ డాలర్లకు బోస్టన్‌కు, వైడా బ్లూని మిలియన్నరకు యాంకీస్‌కు అమ్మాడు. కమిషనర్ బౌవీ కూన్ ఆ బేరాలన్నీ రద్దు చేసి పారేశాడు. ఏటా కొత్త కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ ఉంది కానీ, ఆ వంతులు కూడా, కొన్ని అదనపువి తప్ప, చేతులు మారవు.

ఇక మిగిలింది ఆటగాణ్ని ఇచ్చి ఆటగాళ్లను తెచ్చుకోవడం, అదే ట్రేడ్. ఓడే జట్టుకు వచ్చేది ఎక్కువగా మైనర్ లీగ్‌లో పెరుగుతున్న కుర్రాళ్లు. వీళ్లనే ప్రాస్పెక్ట్‌లు అంటారు. పాలిచ్చే గేదెను ఇచ్చి దూడల్ని తోలుకురావడం అన్నమాట. దూడ పెరిగి ఈనేదాకా గడ్డి మనమే వేయాలి. అది మధ్యలో చస్తే నష్టమూ మనదే.

ఓడినా కింది లీగ్‌కు దింపేవాళ్లు లేరు కాబట్టి మూడు, నాలుగేళ్లు ఓడిపోతూ జట్టును కట్టుకోవడం ఇక్కడ చెల్లుతుంది. దాన్నే రీబిల్డ్ అంటారు. ఓడినకొద్దీ డ్రాఫ్ట్‌లో మంచి కుర్రాళ్లు దొరుకుతారన్న ఆశ కూడా ఉండేది. 2023 డ్రాఫ్ట్ నుంచి మొదటి ఆరు వంతులకు లాటరీ పెట్టారు, వరసగా లాటరీలో ఉండటానికి హద్దులూ పెట్టారు. చికాగో వైట్ సాక్స్ 2024లో 121 ఆటలు ఓడింది. ఆధునిక కాలంలో అంత ఘోరం ఇంకోటి లేదు. అయినా 2025 డ్రాఫ్ట్‌లో వాళ్లకు దక్కింది పదో వంతు. అందుకని "ఇవాళ ఓడితే రేపు డ్రాఫ్ట్ ఉంది" అనే మాటకు ఇదివరకటి బలం లేదు. ఉన్న ఆటగాడికి బదులు ఏం వస్తుందనేది ఇప్పుడు ఇంకా ముఖ్యమైంది.

1. ఒక సంవత్సరం అంకె వేయండి

కాగితం పైన ఎడమవైపు, మీ జట్టు మళ్లీ నిజంగా గెలిచే సంవత్సరం రాయండి. "త్వరలో" అని రాయొద్దు, అంకె రాయండి. చాలామంది ఇక్కడే జారుకుంటారు. జట్ల యాజమాన్యాలైతే మరీనూ. తేదీ చెబితే రేపు జవాబు చెప్పాల్సి వస్తుందిగా!

అంకె ఎలా వేయాలి? పాత ఉదాహరణలు కొంత ఆధారం. హ్యూస్టన్ ఆస్ట్రోస్ 2011, 2012, 2013లలో వరసగా 106, 107, 111 ఓడి 2015లో ప్లేఆఫ్స్‌కు వచ్చింది. చికాగో కబ్స్ 2012లో 101 ఓడి 2015లో 97 గెలిచింది. బాల్టిమోర్ ఓరియోల్స్ 2018లో 115 ఓడి 2023లో 101 గెలిచింది. అంటే అట్టడుగున ఉన్న జట్టు లేవడానికి, అన్నీ కలిసొస్తే, మూడు నుంచి ఐదేళ్లు. కలిసిరాకపోతే లెక్కే లేదు. వైట్ సాక్స్ 2016 చివర్లో రీబిల్డ్ మొదలుపెట్టి 2020, 2021లలో ప్లేఆఫ్స్ చూసి, 2024కల్లా ఇందాక చెప్పిన గోతిలో పడింది.

తర్వాత మీ జట్టు సంగతి. మైనర్ లీగ్‌లో పైరెండు మెట్లయిన డబుల్-ఏ, ట్రిపుల్-ఏ స్థాయిల్లో ఉన్న మంచి కుర్రాళ్లను లెక్కపెట్టండి. వాళ్లే రెండేళ్లలోపు పైకి వచ్చేవాళ్లు. ఇప్పుడే హైస్కూల్ నుంచి వచ్చి అట్టడుగు మెట్టయిన రూకీ లీగ్‌లో ఆడుతున్న పద్దెనిమిదేళ్లవాణ్ని ఈ లెక్కలో వేయకండి, ఎంత పేరున్నా సరే. పైన ఇప్పటికే ఆడుతున్నవాళ్లలో పాతికేళ్లలోపు ఎందరున్నారో చూడండి. వీళ్లందరూ కలిసి ఒకే జట్టుగా కుదురుకునే ఏడాది ఏదో అదే మీ అంకె. నేనైతే మనసులో అనుకున్నదానికి ఒక ఏడాది కలుపుతాను. ఇల్లు కట్టించినవాళ్లకు ఎందుకో తెలుసు.

2. ఆటగాడి గడువు చూడండి

కాగితం కుడివైపు ఇంకో అంకె: ఆ ఆటగాడు ఎప్పటివరకు మీ చేతిలో ఉంటాడు?

దీనికి సర్వీస్ టైమ్ అర్థం కావాలి. మేజర్ లీగ్ సీజన్ సుమారు 187 రోజులు. జట్టు జాబితాలో 172 రోజులుంటే ఒక ఏడాది సర్వీస్ కింద లెక్క. మొదటి మూడేళ్లు ఆటగాడు దాదాపు కనీస జీతానికే ఆడతాడు (2025లో అది 7,60,000 డాలర్లు). తర్వాత మూడేళ్లు ఆర్బిట్రేషన్, అంటే జీతం ఏటా పెరుగుతుంది కానీ బయట మార్కెట్లో పలికేంత కాదు. ఆరేళ్ల సర్వీస్ నిండాక ఫ్రీ ఏజెంట్, ఎక్కడికైనా పోవచ్చు. మధ్యలో దీర్ఘకాలిక ఒప్పందం కుదుర్చుకుంటే ఈ లెక్క మారుతుంది.

ఇప్పుడు రెండంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. నా అనుభవంలో సగం గొడవలు ఇక్కడే తీరిపోతాయి.

ఆటగాడి గడువు ఈ సీజన్‌తోనే అయిపోతుంటే, జట్టు గెలిచేది ఇంకో మూడేళ్లకైతే, ఆలోచించాల్సింది పెద్దగా లేదు, అమ్మండి. ఎంత వచ్చినా లాభమే. 2013 జులైలో కబ్స్ చేసింది చూడండి. ఒక్క ఏడాదికి 6 మిలియన్లకు తెచ్చుకున్న పిచ్చర్ స్కాట్ ఫెల్డ్‌మన్ బాగా ఆడుతున్నాడు. అతన్నీ, ఒక క్యాచర్‌నీ (మన వికెట్‌కీపర్ లాంటివాడు) ఓరియోల్స్‌కు ఇచ్చి జేక్ అరియెటా, పెడ్రో స్ట్రోప్‌లను తెచ్చుకున్నారు. ఆ ఏడాది ఓరియోల్స్ తరఫున అరియెటా ఈఆర్‌ఏ 7.23. ఈఆర్‌ఏ అంటే ఒక పూర్తి ఆటకు, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కు, పిచ్చర్ సగటున ఇచ్చుకున్న పరుగులు, ఏడు దాటిందంటే ఊళ్లో తిట్టని నోరుండదు. 2015లో అదే అరియెటా 22 గెలిచి, 1.77 ఈఆర్‌ఏతో సై యంగ్ అవార్డు కొట్టాడు. ఏటా ఉత్తమ పిచ్చర్‌కు ఇచ్చేది అది. మరుసటి ఏడాది కబ్స్ 108 ఏళ్ల తర్వాత ప్రపంచ చాంపియన్. ఫెల్డ్‌మన్ ఆ సీజన్ అవగానే ఓరియోల్స్ వదిలి వెళ్లిపోయాడు.

గడువు నాలుగైదేళ్లుండి, జట్టు గెలిచే ఏడాది దాని లోపలే పడితే, తొందరపడకండి. మధ్యలో ఉన్నవాళ్లతోనే తలనొప్పి. ఒకటిన్నర, రెండున్నరేళ్ల గడువు మిగిలి, జట్టు సిద్ధమయ్యేసరికి సరిగ్గా వెళ్లిపోయే ఆటగాళ్లు. మిగతా అడుగులన్నీ ఎక్కువగా వీళ్ల కోసమే.

ఇంకో చిన్న సంగతి. పదేళ్ల సర్వీస్ ఉండి, చివరి ఐదేళ్లు ఒకే జట్టులో ఆడినవాడు ట్రేడ్‌ను కాదనవచ్చు. ఒప్పందంలోనే ఆ హక్కు రాయించుకున్నవాళ్లూ ఉంటారు. ముందు అది చూసుకోండి, లేకపోతే లెక్కంతా వృథా.

3. ఆ ఆట నిలబడేదేనా

బాగా ఆడుతున్నాడు సరే, వచ్చే ఏడాదీ ఇలాగే ఆడతాడా? బ్యాటర్ అయితే సగటు (బ్యాటింగ్ ప్రయత్నాల్లో ఎన్నో వంతు హిట్లో చెప్పే అంకె) చూసి మోసపోకండి. ఎన్నిసార్లు స్ట్రైకవుట్ (మూడు స్ట్రైక్‌లతో అవుటవడం) అవుతున్నాడు, ఎన్ని వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులు వదిలి ఊరికే బేస్‌కు వెళ్లడం) తీసుకుంటున్నాడు, బంతిని ఎంత గట్టిగా కొడుతున్నాడు, ఇవి చూడండి. మెత్తగా కొట్టిన బంతులు ఫీల్డర్ల మధ్య పడి సగటు పెరిగి ఉంటే అది అదృష్టం, అది ఆగస్టుకే జారిపోవచ్చు. ఆ సగటు జులైలో వేరే జట్టు జీఎం (ఆటగాళ్ల బేరాలు చూసే జనరల్ మేనేజర్) కళ్లకు కూడా మెరుస్తుంది కాబట్టి, దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోండి.

పిచ్చర్ అయితే బంతి వేగం గత ఏడాదితో పోల్చండి. వేగం మైలున్నర తగ్గిందంటే ఈఆర్‌ఏ ఎంత అందంగా ఉన్నా నాకు అనుమానమే. చివరి ఇన్నింగ్స్ వేసే క్లోజర్లనైతే రీబిల్డ్ జట్టు దాదాపు ఎప్పుడూ అమ్మేయాలని నా అభిప్రాయం. ఓడే జట్టుకు తొమ్మిదో ఇన్నింగ్స్ కాపాడటానికి ఏముంటుంది? పైగా రిలీవర్ల (ఆట మధ్యలో దిగే పిచ్చర్ల) ఆట ఏడాదికో తీరు. 2022 ఆగస్టులో ఓరియోల్స్ తమ ఆల్‌స్టార్ (ఏటా లీగ్‌లోని మేటి ఆటగాళ్లకు పెట్టే ఆటకు ఎంపికైన) క్లోజర్ హోర్హె లోపెజ్‌ను మిన్నెసోటాకు ఇచ్చి తెచ్చుకున్నవాళ్లలో యెనియర్ కానో ఒకడు. పెద్దగా ఎవరికీ తెలియని పేరు. 2023లో కానో ఆల్‌స్టార్. లోపెజ్ తడబడి ఆ ఏడాదే ఇంకో జట్టుకు వెళ్లిపోయాడు.

గాయాల చరిత్ర తప్పక రాసుకోండి. వైట్ సాక్స్ దగ్గర లూయిస్ రాబర్ట్ జూనియర్ అని సెంటర్‌ఫీల్డర్ ఉండేవాడు. 2023లో 38 హోమ్‌రన్లు కొట్టాడు, వయసు 26, ఒప్పందం ఇంకా చాలా ఏళ్లుంది. ఆ చలికాలంలో అతనికి ఎంత అడిగినా ఇచ్చేవాళ్లుండేవారు. కానీ అంతకుముందు ఏటేటా గాయాలే. జట్టు ఉంచుకుంది. 2024లో 100 ఆటలే ఆడి 14 హోమ్‌రన్లు, సగటు .224. 2025లో 110 ఆటలు, మళ్లీ 14, సగటు .223. ప్రతి జులైలోనూ అతన్ని అమ్ముతారన్న వార్తలు, ప్రతిసారీ ముందటికంటే తక్కువ ధర. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అంటారే, అచ్చం అదే.

4. బేరం లెక్క

ఇది పెద్ద గణితమేమీ కాదు. ఆటగాడి విలువకు "వార్" అనే కొలత వాడతారు. ఎవరికైనా దొరికే మామూలు ఆటగాడి బదులు ఇతను ఉంటే జట్టు ఎన్ని ఎక్కువ ఆటలు గెలుస్తుందో చెప్పే అంకె. 2 అంటే నికరంగా జట్టులో చోటున్నవాడు, 4 అంటే చాలా మంచివాడు, 6 దాటితే అవార్డుల మాట. ఫ్రీ ఏజెంట్ మార్కెట్లో ఒక్కో గెలుపుకు జట్లు ఎనిమిది, తొమ్మిది మిలియన్ల డాలర్లు పెడుతున్నాయని విశ్లేషకుల అంచనా.

ఒక ఊహా ఆటగాణ్ని తీసుకుందాం. వయసు 28, ఏడాదికి 4 గెలుపుల విలువ, చేతిలో రెండున్నరేళ్లు. మొత్తం 10 గెలుపులు. ఒక్కోటి 8 మిలియన్లు వేసుకుంటే 80. ఈ రెండున్నరేళ్లలో అతనికిచ్చే జీతం 3, 10, 15 కలిపి 28 మిలియన్లు. 80లో 28 తీసేస్తే 52. ఆ 52 మిలియన్ల మిగులే ఎదుటి జట్టు కొనుక్కునేది. మీకు రావాల్సిన ప్రాస్పెక్ట్‌ల విలువ కూడా అటూ ఇటూగా అంతే ఉండాలి. మామూలుగా అంటే దేశంలోని మొదటి వంద మంది ప్రాస్పెక్ట్‌ల జాబితాలో బాగా పైనున్నవాడొకడు, వాడి వెనక ఇంకో ఇద్దరు.

అదే ఆటగాడికి గడువు ఈ అక్టోబర్‌తో అయిపోతే? రెండు గెలుపులు, 16 మిలియన్లు, జీతం 3 పోతే 13. రావాల్సింది ఒకడు, లేదా ఒకడిన్నర. అదే మనిషి, అదే ఆట, ధర నాలుగో వంతు. "అంత మంచి ఆటగాడికి ఇంతేనా ఇచ్చింది" అని వాట్సాప్‌లో తిట్టేవాళ్లు ఈ గీత గమనించరు.

ఒక సవరణ మాత్రం చేయండి. గెలిచే ఏడాది గెలుపు, ఓడే ఏడాది గెలుపు ఒక్కటి కాదు. మీ జట్టు 64 గెలిచేదల్లా ఇతని వల్ల 68 గెలిస్తే ఆ నాలుగూ ఎందుకూ పనికిరావు. కొనేవాడికి 87 కాస్తా 89 అయితే ప్లేఆఫ్స్ దొరుకుతాయి. బేరం ఎప్పుడైనా కుదురుతోందంటే ఈ తేడా వల్లే. అందుకే మీ లెక్కలో ఓడే సంవత్సరాల గెలుపులకు సగం ధరే కట్టండి. ఎదుటివాడి లెక్కలో నిండు ధర కట్టండి.

5. వచ్చే దూడలు

ఇక్కడ నిదానించండి. ట్రేడ్‌లో పోయేవాణ్ని అందరూ చూస్తారు, వచ్చేవాళ్లను పేర్లు చూసి ఊరుకుంటారు.

2018 జనవరిలో మయామి మార్లిన్స్ క్రిస్టియన్ యెలిచ్‌ను మిల్వాకీకి ఇచ్చింది. వయసు 26, చవకైన ఒప్పందం, ఇంకా ఐదేళ్ల గడువు. వెళ్లిపోవాలని అతనికీ ఉంది, నిజమే. బదులుగా నలుగురు వచ్చారు: లూయిస్ బ్రిన్సన్, ఐసాన్ డియాజ్, మాంటె హారిసన్, జోర్డన్ యమమోటో. అందరిలోకీ పేరున్నవాడు బ్రిన్సన్. 2018లో అతని సగటు .199, 2019లో .173. మిగతావాళ్లలో ఎవరూ నిలదొక్కుకోలేదు. యెలిచ్ వెళ్లిన మొదటి ఏడాదే 36 హోమ్‌రన్లు, .326 సగటుతో నేషనల్ లీగ్ ఎంవీపీ, అంటే ఆ ఏటి మేటి ఆటగాడు. పాలిచ్చే బర్రెనిచ్చి దున్నపోతును తెచ్చుకున్నట్టు.

దీనికి ముందు నెలలోనే అదే మార్లిన్స్ మార్సెల్ ఒజునాను సెయింట్ లూయిస్‌కు ఇచ్చి తెచ్చుకున్నవాళ్లలో శాండీ అల్కాంటరా, జాక్ గ్యాలన్ ఉన్నారు. అల్కాంటరా 2022లో సై యంగ్ కొట్టాడు. అవే కళ్లు, అదే ఆఫీసు, నెల తేడా. దీన్నిబట్టి నాకు తెలిసిందేంటంటే, ప్రాస్పెక్ట్‌ల విషయంలో ఎవరికీ నమ్మకంగా తెలియదు. కాబట్టి కాగితం మీద ఇవి రాయండి: వచ్చేవాళ్లలో పైస్థాయికి దగ్గరగా ఉన్నవాళ్లెందరు? తక్కువ స్ట్రైకవుట్లతో ఆడే బ్యాటర్లెందరు? ఒక్కడి మీదే బేరమంతా ఆధారపడిందా? బ్రిన్సన్ విషయంలో అదే జరిగింది. మైనర్స్‌లోనూ అతను బంతిని తరచూ బ్యాట్‌కు తగిలించలేకపోయేవాడు.

నలుగురు సాధారణమైనవాళ్లకంటే ఇద్దరు మంచివాళ్లు మేలు. జట్టు అట్టిపెట్టుకోగల నలభై మంది జాబితాలో చోటు కూడా ఖర్చే. ఖాళీ లేకపోతే మీవాళ్లలో ఒకణ్ని ఊరికే వదులుకోవాల్సి వస్తుంది.

గట్టి బేరం ఎలా ఉంటుందో చూడాలంటే 2022 ఆగస్టు 2 చూడండి. వాషింగ్టన్ నేషనల్స్ హువాన్ సోటోకు 15 ఏళ్లకు 440 మిలియన్లు ఇస్తామంది, అతను వద్దన్నాడు. గడువు ఇంకా రెండున్నరేళ్లుంది. శాన్ డియేగో నుంచి సీజే అబ్రమ్స్, మెకెంజీ గోర్, జేమ్స్ వుడ్ ఇంకొందరు వచ్చారు. ఆ ముగ్గురూ తర్వాత ఆల్‌స్టార్లయ్యారు. ఇంతకంటే ఏం కావాలి? అయినా నేషనల్స్ 2025లో 96 ఓడింది, ఆ జులైలోనే బేరం చేసిన జీఎం మైక్ రిజోను తీసేశారు. బేరం బాగుంది, చుట్టూ జట్టు కట్టలేదు. మొదటి అడుగులో వేసిన అంకెను ఈ ఐదో అడుగు ఒక్కటే నిజం చేయలేదు.

6. జులైలోనా, చలికాలంలోనా

ట్రేడ్ గడువు మామూలుగా జులై ఆఖర్లో ఉంటుంది. 2024లో జులై 30, తూర్పు అమెరికా సమయం ప్రకారం సాయంత్రం 6 గంటలు. 2019 నుంచి దాని తర్వాత ఆగస్టులో చాటుమాటు ట్రేడ్‌లు కూడా ఎత్తేశారు, కాబట్టి ఆ గంట మోగాక చలికాలం దాకా ఏమీ లేదు.

గడువు ఈ ఏడాదే అయిపోయేవాణ్ని జులైలోనే అమ్మాలి. నిజానికి ఇంకో దారుంది. సీజన్ అయ్యాక క్వాలిఫయింగ్ ఆఫర్, అంటే ఒక్క ఏడాదికి ఇంతని ఖరారైన జీతం, ఇచ్చి (2024 చివర్లో అది 21.05 మిలియన్లు), అతను కాదని వేరే జట్టుకు వెళ్తే బదులుగా ఒక డ్రాఫ్ట్ వంతు వస్తుంది. కానీ అతను ఒప్పుకుంటే ఆ డబ్బు మీరే కట్టాలి. జులైలో వచ్చే ప్రాస్పెక్ట్ ఆ డ్రాఫ్ట్ వంతుకంటే మేలా కాదా, అంతే చూడాలి.

రెండేళ్ల గడువున్నవాడికి మాత్రం చలికాలం తరచూ మంచిది. జులైలో కొనేవి గెలుస్తున్న జట్లే. డిసెంబర్‌లో ప్రతి జట్టూ వచ్చే ఏడాది తనదే అనుకుంటుంది. 2024 జులైలో వైట్ సాక్స్ గారెట్ క్రోషేను అమ్ముతుందని అందరం అనుకున్నాం. ఆట మొదలుపెట్టే పిచ్చర్‌గా (స్టార్టర్‌గా) అతనికది మొదటి ఏడాది, చెయ్యి ఎంతవరకు తట్టుకుంటుందో తెలియదు. ఆ నెల అమ్మలేదు. అతను 146 ఇన్నింగ్స్‌లో 209 స్ట్రైకవుట్లతో సీజన్ ముగించాడు. డిసెంబర్‌లో బోస్టన్ నుంచి కైల్ టీల్, బ్రేడన్ మాంట్‌గామరీ, చేస్ మైడ్రాత్, వికెల్మన్ గోన్సాలెస్ వచ్చారు. ఆగడం పనికొచ్చింది. ఆగస్టులో మోచెయ్యి నొప్పి వచ్చుంటే ఇదే పేరా నేను వేరేగా రాసేవాణ్ని.

7. అమ్మడం కాక ఇంకో దారి

అడిగి చూశారా? ఒప్పందం పొడిగిస్తే రెండో అడుగులోని అంకె మారిపోతుంది, లెక్కంతా మారిపోతుంది. ఆస్ట్రోస్ తన అన్నిటికన్నా ఘోరమైన 2013 సీజన్ మధ్యలో, ఉన్నవాళ్లందరినీ అమ్మేస్తున్న కాలంలో, హోసే ఆల్టూవే అనే పొట్టి సెకండ్ బేస్‌మన్‌తో నాలుగేళ్లకు 12.5 మిలియన్ల ఒప్పందం చేసుకుంది, ఆపైన రెండేళ్లు జట్టు ఇష్టం. మరుసటి ఏడాదే అతను 225 హిట్లు, .341 సగటుతో లీగ్‌లో మొదటి స్థానం. 2017లో ఎంవీపీ, జట్టు చాంపియన్. (ఆ ఏడాది ఎదుటి జట్టు సైగలు దొంగిలించి, చెత్తడబ్బాలు కొట్టి తమ బ్యాటర్లకు చెప్పుకున్న గొడవ వేరే కథ, దానికి ఇంకో రోజు కావాలి.) పిట్స్‌బర్గ్‌లో బ్రయన్ రేనాల్డ్స్ 2022 డిసెంబర్‌లో ట్రేడ్ చేయమని అడిగాడు. 2023 ఏప్రిల్‌లో అదే జట్టుతో ఎనిమిదేళ్లకు 106.75 మిలియన్లకు సంతకం పెట్టాడు. ఆటగాడు పోతానన్నాడంటే ఒక్కోసారి ధర మాట్లాడుతున్నాడని అర్థం.

అభిమానుల బాధ ఎంత లెక్కలోకి తీసుకోవాలి? కొంచెం. ట్రే మాన్సీనీ పెద్దపేగు క్యాన్సర్ నుంచి కోలుకుని వచ్చి బాల్టిమోర్‌కు ఇంటి మనిషిలా అయిపోయాడు. 2022లో జట్టు వైల్డ్‌కార్డ్ (గ్రూపులో మొదటి స్థానం రాకున్నా ప్లేఆఫ్స్‌కు దొరికే చోటు) పోటీలో ఉండగానే అతన్ని హ్యూస్టన్‌కు పంపేశారు. జట్టు 83 గెలిచి 79 ఓడి (83-79) కొద్దిలో ప్లేఆఫ్స్ పోగొట్టుకుంది. లెక్క ప్రకారం తప్పు కాదు, మరుసటి ఏడాది 101 గెలిచారు. కానీ ఆ వారం ఆ గదిలో మిగిలిన ఇరవై ఐదుగురు ఏమనుకుని ఉంటారో ఏ కొలతలోనూ రాదు. నేనిప్పుడు పోటీలో ఉన్న జట్టుకైతే ఈ గీత దగ్గర ఒక మార్కు తీసేస్తాను.

8. టైగర్స్ కాగితం, దగ్గర్నుంచి

ఇప్పుడు ఫ్రిజ్ మీది కాగితం. దాని మీద రెండు పేర్లున్నాయి.

మొదటిది జాక్ ఫ్లాహర్టీ. ఒక్క ఏడాదికి 14 మిలియన్లకు తెచ్చుకున్న పిచ్చర్. జులై 30 నాటికి 18 ఆటలు మొదలుపెట్టి, 2.95 ఈఆర్‌ఏ, 133 స్ట్రైకవుట్లు. గడువు అక్టోబర్. జట్టు గెలిచే ఏడాదిగా నేను వేసిన అంకె 2026. రెండంకెలూ కలవలేదు. నేను "అమ్మాలి" అని రాశాను. టైగర్స్ కూడా అమ్మింది. డాడ్జర్స్ నుంచి తేరన్ లిరాన్జో అనే క్యాచర్, ట్రే స్వీనీ అనే షార్ట్‌స్టాప్ వచ్చారు. స్వీనీ పైస్థాయికి బాగా దగ్గర్లో ఉన్నవాడు. మూడు వారాల్లోపే డెట్రాయిట్‌కు ఆడాడు, ప్లేఆఫ్స్‌లోనూ ఆడాడు. 2025లో బ్యాటింగ్ తడబడి మళ్లీ మైనర్స్‌కు వెళ్లాడనుకోండి. ఫ్లాహర్టీ అక్కడ ప్రపంచ చాంపియన్ ఉంగరం సంపాదించుకుని, 2025 ఫిబ్రవరిలో రెండేళ్లకు 35 మిలియన్లకు తిరిగి డెట్రాయిట్‌కే వచ్చాడు. అమ్మిన సరుకు మళ్లీ మన కొట్లోకే.

రెండోది స్కూబల్. వయసు 27. గడువు 2026 సీజన్ చివరిదాకా, అంటే రెండున్నరేళ్లు. జీతం అతని ఆటతో పోలిస్తే చిల్లర. నా అంకె 2026, అతని అంకె 2026. గడువు సరిగ్గా అంచు మీద. పాత మోచేతి ఆపరేషన్ ఒకటి, 2022లో మళ్లీ ముంజేతి ఆపరేషన్ ఒకటి. గాయాల గీత దగ్గర ఎర్ర పెన్నుతో గీశాను. ధర చూస్తే ఆకాశంలో ఉంది. అమ్మాలి, అమ్మాలి, అమ్మాలి.

టైగర్స్ అమ్మలేదు. ఫ్లాహర్టీతో పాటు మార్క్ కాన్హా, కార్సన్ కెల్లీ, ఆండ్రూ చాఫిన్ వెళ్లిపోయారు, గడువు అయిపోవస్తున్నవాళ్లంతా. స్కూబల్ ఉండిపోయాడు. ఆగస్టు 10 నాటికి జట్టు 55-63. ప్లేఆఫ్స్ అవకాశం 0.2 శాతం అని ఫ్యాన్‌గ్రాఫ్స్ అనే గణాంకాల సైట్ లెక్క. ఆ తర్వాత 44 ఆటల్లో 31 గెలిచింది! 86-76తో వైల్డ్‌కార్డ్, హ్యూస్టన్‌ను వాళ్ల ఊళ్లోనే ఓడించి, క్లీవ్‌లాండ్‌తో ఐదో ఆట దాకా వెళ్లింది. స్కూబల్ 18-4, 2.39 ఈఆర్‌ఏ, 228 స్ట్రైకవుట్లు, సై యంగ్. 2025లో మళ్లీ సై యంగ్, జట్టు మళ్లీ ప్లేఆఫ్స్.

నా తప్పు ఎక్కడ జరిగిందో చాలాసార్లు వెతికాను. స్కూబల్ గీతల్లో పెద్ద తప్పు లేదు, గాయాల భయం కూడా సహేతుకమే. తప్పంతా మొదటి అంకెలో ఉంది. 2026 అని వేసింది గెలిచినవి, ఓడినవి చూసి. ట్రిపుల్-ఏలో ఎవరెవరు ఉన్నారో, ఆగస్టులో ఎవరు పైకి రాబోతున్నారో లెక్కపెట్టలేదు. పైన మొదటి అడుగులో "లెక్కపెట్టండి" అని అంత గట్టిగా చెప్పింది అందుకే. అప్పుడే 2024 చివరికో, 2025కో అంకె జరిపి ఉంటే రెండేళ్లకు పైగా అతను గెలిచే జట్టులో ఉండేవాడు, అమ్మే మాటే వచ్చేది కాదు.

ఈ లెక్క ఒక్కసారి వేసి వదిలేసేది కాదు. ఏటా రెండుసార్లు, జులై మొదట్లో ఒకసారి, సీజన్ అయ్యాక నవంబర్‌లో ఒకసారి, రెండంకెలూ మళ్లీ రాయండి. తేదీ వేయండి, పాత కాగితం పారేయకండి. 2025 నవంబర్‌లో నేను స్కూబల్ పేరుతో కొత్త కాగితం తీశాను. అప్పటికి గడువు ఒక్క ఏడాదే, జట్టు మాత్రం గెలుస్తోంది. ఎడమవైపు అంకె రాశాను, కుడివైపు రాశాను, కింద ఏం రాయాలో తోచక పెన్ను పట్టుకుని కూర్చుంటే మావాడు వచ్చి కాగితం లాక్కున్నాడు. "ఉంచుకోవాలి" అని వాడే రాసి, పాతదాని పక్కనే అతికించాడు.